మియాటా 1.6 (1990) ప్రాజెక్టు డైరీ: పవర్ పెంచలేదు, పాత రబ్బరు మార్చాం

ఈ డైరీ మొదటి తరం మాజ్డా ఎం.ఎక్స్.-5 ని తిరిగి నిలబెట్టాలనుకునేవాళ్ల కోసం. అమెరికాలో దీన్ని మియాటా అన్నారు, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మారు. పని జరిగిన కారు 1990 నాటిది. 1597 సీసీ ఇంజిన్, 5 గేర్ల మాన్యువల్, ఓడోమీటరు మీద 1,87,400 కిలోమీటర్లు. నడుస్తుంది, కానీ స్టీరింగ్ మొద్దుబారింది, కార్పెట్ తడి, గేర్‌బాక్స్ ముందు క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగ్ కింద నూనె చుక్కలు.

పెట్టుకున్న నియమం ఒకటే: కొత్త తరం భాగాలు, టర్బో, పెద్ద రిమ్ములు ఏవీ లేవు. ఈ కారు 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో తెరముందుకు వచ్చినప్పుడు దాని బలం సుమారు 115 హార్స్‌పవర్ మాత్రమే. బరువు మార్కెట్‌ని బట్టి 950 కిలోల అటూ ఇటూ. ప్రాజెక్టు అధిపతి తొషిహికో హిరాయి బృందం పట్టుకున్న మాట 'జిన్బా ఇత్తాయ్', అంటే గుర్రమూ రౌతూ ఒక్కటవడం. ఆ ఒక్కటవడం నాలుగు చక్రాల డబుల్ విష్‌బోన్లలో (ఒక్కో చక్రాన్ని పట్టే పై చేయి, కింది చేయి), వాటి బుష్‌లలో (చేతుల కీళ్లలోని రబ్బరు), గేర్‌బాక్స్‌నీ డిఫరెన్షియల్‌నీ కలిపి కట్టే అల్యూమినియం ఫ్రేములో ఉంది. ముప్ఫై ఏళ్లకు పైబడ్డ రబ్బరుతో ఈ కారు నడిపి 'ఇంతేనా' అనుకున్నవాళ్లు అసలు కారును నడపలేదనే చెప్పాలి.

దశ 1: విప్పకముందు కొలతలు

పానా పట్టుకోకముందే ఇవన్నీ రాసి పెట్టుకోవాలి. తర్వాత ఏది మెరుగైందో, ఏది చెడిందో చెప్పేది ఈ కాగితమే.

1. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకున్నప్పటి ఒత్తిడి. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీయాలి. సిలిండర్ హెడ్ వెనక ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్ కనెక్టర్ ఊడదీస్తే స్పార్కూ ఇంధనమూ రెండూ ఆగుతాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పాలి. వచ్చిన అంకెలు: 178, 175, 180, 172 పి.ఎస్.ఐ. కొత్త ఇంజిన్‌కు 192. సిలిండర్ల మధ్య తేడా 28 దాటకూడదు, ఇక్కడ 8 ఉంది. ఇంజిన్ జోలికి లోతుగా వెళ్లనక్కర్లేదని ఇక్కడే తేలింది.
2. క్రాంక్ పుల్లీ గాడులు. 4 గాడులుంటే చిన్న ముక్కు క్రాంక్, 8 ఉంటే పెద్దది. ముక్కు అంటే ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌కు పుల్లీ ఎక్కే ముందు చివర. 1990, 1991 మొదటి భాగం కార్లలో చిన్న ముక్కు ఉంటుంది. ఇక్కడ 4. దీని సంగతి దశ 3లో.
3. హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు: ముందు ఎడమ 340, కుడి 343, వెనక ఎడమ 345, కుడి 342 మి.మీ.
4. టైరు పక్కగోడ మీది చివరి నాలుగు అంకెలు: తయారైన వారం, సంవత్సరం. ట్రెడ్ లోతు 5 మి.మీ. ఉన్నా టైర్లకు 11 ఏళ్లు. గోరు నొక్కితే దిగడం లేదు. 185/60 ఆర్14 కొత్తవి తెప్పించాం. గట్టిపడ్డ టైర్లతో సస్పెన్షన్ గురించి ఏ తీర్పూ ఇవ్వలేం.
5. రేడియేటర్ పై ట్యాంకు రంగు. కొత్తప్పుడు నలుపు. గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగుకు తిరిగిందంటే ప్లాస్టిక్ పెళుసుబారింది, ఏ రోజైనా పగులుతుంది. ఇది గోధుమ రంగులో ఉంది. మార్చాల్సిందే.

లెక్క: 6 గంటలు. తెగిన, కోసిన బోల్టులు 0. రెండోసారి చేసిన పనులు 0.

దశ 2: కార్పెట్ తడి, సిల్లుల తుప్పు

ఈ కార్లను చంపేది ఇంజిన్ కాదు, నీళ్లు. బట్ట టాప్ మీద పడ్డ వాన సీట్ల వెనక ఉన్న కాలువలోకి జారి, రెండు వైపులా ఉన్న డ్రెయిన్ గొట్టాల ద్వారా వెనక చక్రాల ముందు కిందికి కారాలి. ఆకులు, దుమ్ము చేరి ఆ గొట్టం మూసుకుంటే నీళ్లు ఒకవైపు కార్పెట్ కిందికి, మరోవైపు సిల్లు (తలుపు కింద పొడవునా ఉండే పెట్టెలాంటి రేకు) లోపలికి చేరతాయి. సిల్లు బయటికి ఉబ్బి కనిపించేసరికి లోపల సగం పోయి ఉంటుంది.

పరీక్ష తేలిక. ఒక్కో వైపు కొలిచిన 500 మి.లీ. నీళ్లు నెమ్మదిగా పోసి, కింద గిన్నె పెట్టాలి. కుడివైపు 480 మి.లీ. దిగింది. ఎడమవైపు 60 మాత్రమే.

ఇక్కడ తప్పు జరిగింది. కంప్రెసర్ గాలి పైనుంచి కొట్టాం. అడ్డు ఊడకుండా గొట్టమే పై కాలరు నుంచి ఊడి లోపలికి జారిపోయింది. దాన్ని తిరిగి పట్టుకోవడానికి వెనక ట్రిమ్, సీట్ బెల్ట్ టవర్ విప్పాల్సి వచ్చింది, తుప్పు పట్టిన ఒక స్క్రూ తెగింది. సరైన పద్ధతి ఇది:

1. కింది నుంచి పైకి పని చేయాలి. గడ్డి కోసే యంత్రంలో వాడే 2.4 మి.మీ. నైలాన్ తీగ చాలు. ఇనప తీగ గొట్టాన్ని చీలుస్తుంది.
2. తీగ తిప్పుతూ దూర్చాలి, నెట్టకూడదు.
3. గోరువెచ్చని సబ్బునీళ్లు 200 మి.లీ. పోసి పావుగంట వదలాలి.
4. మళ్లీ 500 మి.లీ. పరీక్ష. ఎడమవైపు ఇప్పుడు 470.

సిల్లు లోపలికి బోరోస్కోప్ (సన్నని గొట్టం కెమెరా) పంపితే ఎడమవైపు బయటి రేకు 110 × 40 మి.మీ. మేర పోయింది, లోపలి రేకు గట్టిగానే ఉంది. పోయినదాన్ని మెరిసే లోహం వచ్చేదాకా కోసి, 1 మి.మీ. రేకు ముక్క అంచులు కలిపి వెల్డ్ చేశాం. పైన అతికించి వెల్డ్ చేస్తే రెండు రేకుల మధ్య మళ్లీ నీళ్లు నిలుస్తాయి. లోపలి మైనం పూత వెల్డింగ్ తర్వాతే. ముందే కొడితే అంటుకుంటుంది. సిల్లు అడుగున ఉన్న డ్రెయిన్ రంధ్రాలు మైనంతో మూసుకోకుండా చూసుకోవాలి.

బూట్‌లో బ్యాటరీ కింద కూడా చూడండి. ఫ్యాక్టరీ ఇచ్చింది సీలు చేసిన రకం, దానికి ఆవిరి బయటికి పోయే సన్నని గొట్టాలుంటాయి. మామూలు బ్యాటరీ పెట్టి, గొట్టాలు వదిలేసిన కార్లలో ఆమ్లపు ఆవిరి బూట్ నేలను తింటుంది. ఇక్కడ పెయింట్ పొక్కులే వచ్చాయి. వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, గీకి, ప్రైమర్ వేశాం.

లెక్క: 19 గంటలు, మొత్తం 25. తెగినవి 1. రెండోసారి చేసినవి 1.

దశ 3: ఇంజిన్ ముందు భాగం

క్రాంక్‌తో క్యామ్‌లను (వాల్వులు తెరిచే ఇరుసులు) తిప్పే టైమింగ్ బెల్ట్‌కు ఫ్యాక్టరీ గడువు 60,000 మైళ్లు, అంటే 96,000 కిలోమీటర్ల చిల్లర. వాటర్ పంపును తిప్పేది ఆల్టర్నేటర్ బెల్టే అయినా, పంపు దగ్గరికి చేరాలంటే టైమింగ్ కవర్లు విప్పక తప్పదు. అందుకే బెల్ట్, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్, దారి చూపే ఐడ్లర్, పంపు, ముందు సీళ్లు మూడూ ఒకేసారి మార్చాలి. ఆల్టర్నేటర్ బెల్ట్ ఇంకా బిగువుగా ఉండగానే పంపు పుల్లీ బోల్టులు వదులు చేసుకోండి. బెల్ట్ తీసేశాక పుల్లీ చేతిలో తిరుగుతూనే ఉంటుంది.

చిన్న ముక్కు క్రాంక్ గురించి భయం ఎక్కువ, వివరణ తక్కువ. ఈ డిజైన్‌లో పుల్లీని తిప్పే బలం కీ (పుల్లీకీ క్రాంక్‌కూ మధ్య గాడిలో కూర్చునే చిన్న ఇనప ముక్క) మీద పడకూడదు. బోల్ట్ బిగింపే ఆ బలాన్ని మోయాలి, కీ స్థానం చూపించడానికి మాత్రమే. ఇంతకు ముందు ఎవరో బెల్ట్ మార్చి బోల్ట్ తక్కువ బిగించి ఉంటే పుల్లీ కదులుతూ కీని, కీ గాడిని కొడుతూ పోతుంది. చివరికి క్రాంక్ ముక్కే అరుగుతుంది, టైమింగ్ నిలవదు. కాబట్టి విప్పకముందు పుల్లీ అంచుకు డయల్ గేజ్ పెట్టి ఊపి చూడాలి. ఇక్కడ ఊగుడు 0.05 మి.మీ. లోపే, కీ గాడి అంచులు పదునుగా ఉన్నాయి. కొత్త బోల్ట్, కొత్త కీ వేసి, మరలు నూనె లేకుండా తుడిచి, 113 న్యూటన్ మీటర్లకు బిగించాం. చిన్న ముక్కుకు విలువ 108 నుంచి 117. పెద్ద ముక్కుది 157 నుంచి 166. ఒకదాని విలువ ఇంకోదానికి వాడితే మొత్తం పోయినట్టే. స్టార్టర్‌తో బోల్ట్ వదులు చేసే చిట్కా ఈ క్రాంక్ మీద వద్దు. చక్రాలు నేల మీద ఉంచి, 5వ గేరు వేసి, ఒకరు బ్రేకు తొక్కితే చాలు.

బెల్ట్ ఎక్కించే వరస:

1. రెండు క్యామ్ పుల్లీల మీదా 'ఐ', 'ఈ' రెండు అక్షరాలూ ఉంటాయి. ఇన్‌టేక్ పుల్లీకి 'ఐ' పైకి, ఎగ్జాస్ట్ పుల్లీకి 'ఈ' పైకి, వెనక పలక గుర్తులకు ఎదురుగా. ఇక్కడే చాలామంది తడబడతారు.
2. 'ఐ' గుర్తు నుంచి 'ఈ' గుర్తు దాకా బెల్ట్ మీద 19 పళ్లు ఉండాలి.
3. టెన్షనర్‌ను స్ప్రింగ్‌కు వ్యతిరేకంగా నెట్టి తాత్కాలికంగా బిగించాలి.
4. క్రాంక్‌ను ముందునుంచి చూస్తే గడియారపు దిశలో 1 పూర్తి చుట్టు, ఇంకో 5/6 చుట్టు తిప్పి, టెన్షన్ గుర్తుకు చేర్చాలి. టెన్షనర్ బోల్ట్ వదిలితే స్ప్రింగ్ తనే లాగుతుంది. చేత్తో నెట్టకూడదు. బిగించాలి.
5. ఇంకో 2 చుట్లు, 1/6 చుట్టు తిప్పి గుర్తులన్నీ మళ్లీ చూడాలి.
6. రెండు క్యామ్‌ల మధ్య బెల్ట్‌ను 10 కిలోల బలంతో నొక్కితే 9 నుంచి 11.5 మి.మీ. దిగాలి.

మొదటిసారి 5వ మెట్టు దగ్గర ఎగ్జాస్ట్ గుర్తు ఒక పన్ను తప్పింది. టెన్షనర్ లేని వైపు బెల్ట్‌లో వదులు మిగిలిపోయింది, క్రాంక్ తిరిగినప్పుడు ఆ వదులు క్యామ్‌ను వెనకబెట్టింది. బెల్ట్ తీసి, ఆ వైపు ముందు బిగువుగా లాగి, తర్వాత క్యామ్‌ల మీదుగా టెన్షనర్ వైపుకు తెచ్చాం. చేత్తో తిప్పి చూడటం వల్ల 40 నిమిషాలే పోయాయి. రెండోసారి దిగుడు 10 మి.మీ.

బెల్ హౌసింగ్ చుక్కల సంగతి. చూసినవాళ్లు క్రాంక్ వెనక సీలు పోయిందని, గేర్‌బాక్స్ దించాలని అంటారు. ఆగండి. క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్ గట్టిపడితే నూనె హెడ్ వెనక నుంచి జారి సరిగ్గా అక్కడికే చేరుతుంది. హెడ్ వెనక డీగ్రీజర్‌తో కడిగి, ఆరాక టాల్కమ్ పౌడర్ చల్లి, 20 నిమిషాలు నడిపితే పౌడర్ మీద తడి గీత సెన్సర్ దగ్గరే మొదలైంది. సెన్సర్ స్థానాన్ని గీతతో గుర్తు పెట్టి, ఒక్క 12 మి.మీ. బోల్ట్ తీసి, రింగ్ మార్చాం. చేతికి అందడమే కష్టం, పని పావుగంటే. 300 కిలోమీటర్ల తర్వాత బెల్ హౌసింగ్ పొడిగా ఉంది.

సెన్సర్ కదిలింది కాబట్టి టైమింగ్ చూడాలి. డయాగ్నసిస్ పెట్టెలో 'టెన్', 'జీఎన్‌డీ' రంధ్రాలను తీగతో కలపాలి. 850 ఆర్.పి.ఎం. దగ్గర లైటు 10 డిగ్రీలు చూపాలి. తీగ పెట్టకుండా చూస్తే కంప్యూటర్ తనే టైమింగ్ జరుపుతూ ఉంటుంది, ఆ అంకెకు అర్థం లేదు.

కొత్త రేడియేటర్, గొట్టాలన్నీ, 6 లీటర్ల కూలెంట్. ముందు భాగం ఎత్తి నింపితే గాలి త్వరగా పోతుంది.

లెక్క: 17 గంటలు, మొత్తం 42. ఇప్పటిదాకా తెగినవి 1, రెండోసారి చేసినవి 2.

దశ 4: సస్పెన్షన్

అసలు పని ఇక్కడ ఉంది. సమయం ఎక్కువ తిన్నదీ ఇదే.

కింది చేతులకు లోపలివైపు ఒక్కో చక్రానికి రెండు చొప్పున 8 ఎక్సెంట్రిక్ బోల్టులుంటాయి, అంటే తిప్పితే చేతిని పక్కకు జరిపేవి. క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఒరిగే కోణం), క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం), వెనక టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరగడం) అన్నీ వీటితోనే సర్దాలి. బుష్ లోపలి ఇనప గొట్టంలో తుప్పు పట్టి ఇవి బిగుసుకుంటే కారు ఏ అలైన్‌మెంట్ షాపుకు వెళ్లినా 'ఉన్నదింతే' అనే కాగితంతో తిరిగి వస్తుంది. 8లో 3 కదల్లేదు.

పని చేయనివి ముందు. అయిదు రోజులు చొచ్చుకుపోయే నూనె కొట్టాం: నూనె గొట్టం చివరల దాటి పోలేదు. సుత్తితో కొట్టాం: మరలు పుట్టగొడుగులా విచ్చుకున్నాయి, నట్ కూడా రాకుండా పోయింది. గ్యాస్ మంట పెట్టాం: రబ్బరు కాలి దట్టమైన పొగ తప్ప ఫలితం లేదు, పైగా బ్రేకు గొట్టం దగ్గరలోనే ఉంది. నట్‌తో పాటు బోల్ట్‌ను తిప్పాలని పొడవాటి బారు వేస్తే సబ్‌ఫ్రేమ్ మీద ఎక్సెంట్రిక్ వాషర్ ఆనే చెవులు వంగడం మొదలైంది. అవి వంగితే అలైన్‌మెంట్ ఎప్పటికీ నిలవదు. వెంటనే ఆపాం.

పని చేసింది కోతే. సబ్‌ఫ్రేమ్‌కూ బుష్‌కూ మధ్య సన్నని సందులోకి రెసిప్రొకేటింగ్ రంపం, లోహానికి పనికొచ్చే, అంగుళానికి 18 పళ్ల బ్లేడు. గ్రైండర్ అక్కడ పట్టదు. ఒక్కో బోల్ట్‌కు రెండు వైపులా కోయాలి. ఒక్కోదానికి దాదాపు 50 నిమిషాలు, రెండు బ్లేడ్లు. వెనక నకల్ (చక్రపు హబ్‌ను పట్టుకునే ముక్క) కింది పొడవాటి బోల్ట్ కూడా ఒకటి ఇలాగే పోయింది. కొత్త బోల్టులు ముందే తెప్పించుకోండి. కోశాక ఎదురుచూస్తూ కారు స్టాండ్ల మీద ఉండిపోతుంది.

బుష్‌లు పాలీయురితేన్ వేయాలా, రబ్బరు వేయాలా? రబ్బరు వేశాం. పాలీ గట్టిది, కానీ గ్రీజు ఆరితే కీచుమంటుంది, చిన్న గతుకులను కూడా మోసుకొస్తుంది. ఈ కారు సొగసు రోడ్డు మీద ఉన్నదంతా చెబుతూనే కరకుగా లేకపోవడంలో ఉంది. రేసు ట్రాక్‌కే వాడేదైతే పాలీ సరైనది.

రబ్బరు వేస్తే ఒక నియమం ప్రాణం. రబ్బరు బుష్ తిరగదు, మెలిపడుతుంది. లోపలి గొట్టం బిగిసిన స్థానమే దానికి విశ్రాంతి స్థానం. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే ప్రతి బుష్ మెలిపడి కారును పైకి నెడుతూ ఉంటుంది. ఇది తెలిసి కూడా ముందు రెండు చక్రాల దగ్గర బిగించేశాం, 'తాత్కాలికంగా' అని. తర్వాత వదులు చేయడం మరిచిపోయాం. కొత్త స్టాండర్డ్ స్ప్రింగులు, డ్యాంపర్లతో దించాక ముందు ఎత్తు 371, 369 మి.మీ. వచ్చింది. గతుకు మీద ముందు భాగం గంతులేసింది. స్ప్రింగులు తప్పు పంపారేమోనని రెండు గంటలు పార్టు నంబర్లు చూశాం.

సరిచేసిన వరస:

1. నాలుగు చక్రాల కింద ఒకే ఎత్తు చెక్క దిమ్మెలు పెట్టి, కారు బరువు చక్రాల మీదే ఉండగా కిందికి దూరాలి. జాకీ మీద ఎప్పుడూ వద్దు.
2. పై చేతుల బోల్టులు, కింది ఎక్సెంట్రిక్‌లు అన్నీ వదులు చేయాలి.
3. ముందు, వెనక బంపర్ల మీద గట్టిగా ఊపి, కారును రెండు మీటర్లు ముందుకీ వెనక్కీ తోయాలి.
4. అప్పుడు బిగించాలి. ఎక్సెంట్రిక్ కాండానికి యాంటీ-సీజ్ (తుప్పు పట్టి బిగుసుకోకుండా చేసే ముద్ద) రాయాలి, మరలకు కాదు. మరలకు అంటితే టార్క్ రెంచ్ అబద్ధం చెబుతుంది.

తర్వాతి ఎత్తు: ముందు 356, 355. వెనక 352, 353. అంటే మెలిపడ్డ రబ్బరు ఒక్కటే ముందు భాగాన్ని 14, 15 మి.మీ. ఎత్తి పట్టుకుంది.

ఎత్తు ఇంకా తగ్గించాలనే ఆశ ఉన్నవారికి: ఈ కారులో సస్పెన్షన్ కిందికి నొక్కుకునే దూరం మొదటినుంచీ తక్కువ. 30 మి.మీ. దించితే మామూలు గతుకుకే బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. అప్పుడు స్ప్రింగ్ పని ఆగి, రబ్బరు దిమ్మె మీద కారు నడుస్తుంది.

లెక్క: 34 గంటలు, మొత్తం 76. తెగినవి, కోసినవి 5. రెండోసారి చేసినవి 3.

దశ 5: బ్రేకులు

ముందు డిస్కు మందం 16.2 (కనీసం 16), వెనక 8.3. నాలుగూ మార్చాం. రాయాల్సింది వెనక క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) గురించి ఒక్కటే. దాని పిస్టన్‌ను బిగింపు పరికరంతో నెట్టకండి. లోపల హ్యాండ్‌బ్రేకు మర ఉంది, అది విరుగుతుంది. క్యాలిపర్ వెనక చిన్న మూత బోల్ట్ తీస్తే లోపల 4 మి.మీ. అలెన్ గాడి ఉంటుంది. ఎడమకు తిప్పితే పిస్టన్ వెనక్కి పోతుంది. కొత్త ప్యాడ్లు వేశాక ప్యాడ్ డిస్కును తాకేదాకా కుడికి తిప్పి, అక్కడినుంచి 1/3 చుట్టు వెనక్కి. హ్యాండ్‌బ్రేకు 13 క్లిక్కుల నుంచి 6కి వచ్చింది. కేబుల్ ముట్టుకోలేదు. ఇది చేయకుండా కేబుల్ బిగించుకుంటూ పోవడం చాలా కార్లలో కనిపిస్తుంది.

లెక్క: 7 గంటలు, మొత్తం 83.

దశ 6: గేరు కర్ర

ఈ గేరు కర్ర కదిలే దూరం కొంచెమే, దానికి ఎంతో పేరుంది. అది జావలా తయారైతే గేర్‌బాక్స్ పోయిందనుకోనక్కర్లేదు. కర్ర కూర్చునే గిన్నెకు గేర్‌బాక్స్‌తో సంబంధం లేని సొంత నూనె ఉంటుంది. దాన్ని మార్చాలని ఎక్కువమందికి తోచదు. 10 మి.మీ. బోల్టులు తీసి కర్ర పైకి లాగితే నల్లని బురద, కర్ర చివరి నైలాన్ బుష్ రెండు ముక్కలు, చిరిగిన రబ్బరు బూటు. పాత నూనె సిరంజితో లాగి, తుడిచి, కొత్త బుష్, రెండు బూట్లు వేసి, 75డబ్ల్యూ-90 జీఎల్-4 నూనె 80 మి.లీ. పోశాం. అదే నూనె గేర్‌బాక్స్‌కు 2 లీటర్లు. కాళ్ల మధ్య నుంచి వచ్చే వేడి గాలి కూడా ఆగింది, అది చిరిగిన బూటు నుంచి వచ్చేదే.

లెక్క: 3 గంటలు, మొత్తం 86.

దశ 7: దారాలతో అలైన్‌మెంట్

సామాను: డిజిటల్ కోణమాపకం, చేపల దారం, నాలుగు స్టాండ్లు, అర మి.మీ. గీతల స్టీలు స్కేలు, చక్రాల కింద మధ్యలో గ్రీజు రాసిన జంట రేకులు, డ్రైవర్ సీట్లో 70 కిలోల ఇసుక మూటలు.

మొదటి ప్రయత్నంలో దారాన్ని ముందు హబ్‌కూ వెనక హబ్‌కూ సమాన దూరంలో కట్టాం. తప్పు. వెనక ట్రాక్ ముందుదానికంటే వెడల్పు. ఈ కారులో ఒక్కో వైపు 8 మి.మీ. తేడా. 2265 మి.మీ. వీల్‌బేస్ మీద అది 0.2 డిగ్రీలు. 380 మి.మీ. రిమ్ము మీద ఒక్కో చక్రానికి 1.3 మి.మీ. తప్పు, ఇరుసుకు 2.7. ముందు టో 0 అనుకున్నది నిజానికి 2.7 లోపలికి ఉంది. మలుపు మొదట్లో కారు ఒక క్షణం ఆలోచించినట్టు అనిపించింది. రెండోసారి వెనక హబ్‌ల కంటే ముందు హబ్‌ల దగ్గర దారాన్ని 8 మి.మీ. ఎక్కువ దూరంగా పెట్టి, రెండు దారాల మధ్య వెడల్పు ముందూ వెనకా ఒకటేనని టేపుతో చూశాకే మొదలుపెట్టాం.

1. వెనక క్యాంబర్, తర్వాత వెనక టో.
2. ముందు క్యాంబర్, క్యాస్టర్ కలిపి. రెండు ఎక్సెంట్రిక్‌లూ చేతిని ఒకే వైపుకు జరిపితే క్యాంబర్, ఎదురుబొదురుగా జరిపితే క్యాస్టర్ మారుతుంది.
3. ముందు టో చివర్లో. స్టీరింగ్ తిన్నగా కట్టి, రెండు టై రాడ్లనూ సమానంగా తిప్పాలి.
4. ప్రతి బిగింపు తర్వాత కారు తోసి, మళ్లీ కొలవాలి. బిగించేటప్పుడు ఎక్సెంట్రిక్ 0.1 డిగ్రీ జరుగుతూనే ఉంటుంది.

నిలిచిన విలువలు: ముందు క్యాంబర్ రెండు వైపులా మైనస్ 1.0 డిగ్రీ, క్యాస్టర్ 4.9, 5.0, టో 0. వెనక క్యాంబర్ మైనస్ 1.5, టో మొత్తం 2 మి.మీ. లోపలికి. టైర్లలో గాలి ఫ్యాక్టరీ చెప్పిన 26 పి.ఎస్.ఐ. తక్కువనిపించి 32 కొట్టేవాళ్లున్నారు. ఇంత తేలిక కారు 32తో రోడ్డు మీద ఎగురుతుంది, రెండూ నడిపి చూస్తే తేడా చేతికి తెలుస్తుంది.

లెక్క: 8 గంటలు, మొత్తం 94. తెగినవి, కోసినవి 5. రెండోసారి చేసినవి 4.

600 కిలోమీటర్ల తర్వాత

ఎత్తు అన్ని చక్రాల దగ్గరా 2 మి.మీ. లోపే దిగింది. ఎక్సెంట్రిక్‌ల మీద పెట్టిన పెయింట్ గుర్తులు జరగలేదు. ఎడమ డ్రెయిన్ పరీక్ష మళ్లీ 470 మి.లీ. కార్పెట్ పొడి. చక్రాల నట్లు 100 న్యూటన్ మీటర్లకు మరోసారి చూశాం.

మిగిలినవి రెండు. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు హైడ్రాలిక్ లిఫ్టర్ల (వాల్వుల సందును నూనె ఒత్తిడితో సర్దేవి) టిక్ టిక్ నాలుగు నిమిషాలు వస్తోంది. మంచి నూనెతో రెండుసార్లు తక్కువ గడువులో మార్చి చూసి, తగ్గకపోతేనే విప్పుతాం. రెండోది, క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసేది) బూటు మడత తీస్తే లోపల తేమ కనిపించింది. పెడల్ ఇంకా బాగానే ఉంది, కానీ ఈ కారులో అది చెప్పి పోదు. సిలిండర్ తెప్పించాం, వచ్చే వారం ఎక్కుతుంది.